నాచు ట్యాంకు పెట్టబోయే శ్రావణికి

చిరంజీవి శ్రావణికి, బాబాయి ఆశీస్సులు.

పగడాలు వద్దు, సముద్రపు నాచుతోనే ఉప్పునీటి ట్యాంకు పెడతానన్నావు. మంచి నిర్ణయం. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి. దుకాణంలో ఎండిన పగడపు రాయి చూపించినా తీసుకోకు, సిరామిక్ రాళ్లు కొనుక్కో. అయితే పగడాలు పెంచేవాళ్ల పద్ధతులు ఇక్కడికి తెచ్చావో, నాచు బతకదు. వాళ్లు నైట్రేట్, ఫాస్ఫేట్ వీలైనంత తగ్గించాలని తంటాలు పడతారు. నీ నాచుకు అవే ఎరువు.

60 × 45 × 45 సెంటీమీటర్ల ట్యాంకు చాలు. 40 సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపితే, ఇసుక, రాళ్లు పోను 95 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. దానికి అక్వేరియం ఉప్పు మూడున్నర కిలోలు కావాలి. వంట ఉప్పు, కల్లుప్పు పనికిరావు. బకెట్లో కలిపి రాత్రంతా ఎయిర్ పంపు ఆడించి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు) వచ్చిందో లేదో చూసుకో.

నీళ్ల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. హైదరాబాదు బోరు నీళ్లు అసలు వద్దు. ఇంట్లో ఆర్‌ఓ ఉంది కదా అని నేరుగా పట్టేయకు. ఇప్పటి మిషన్లలో చాలావాటికి కాపర్ కార్ట్రిడ్జ్, మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటాయి. రాగి కొద్దిగా చేరినా నత్తలు, రొయ్యలు చస్తాయి. ఆ రెండింటికీ ముందే గొట్టం తీసి, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 5 లోపు ఉంటేనే వాడు.

లైటుకు ఎక్కువ ఖర్చు పెట్టకు. పగడాల కోసం అమ్మే నీలం లైట్లు అక్కర్లేదు. మంచినీటి మొక్కలకు వాడే 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ, టైమరు మీద రోజుకు 9 గంటలు వెలిగితే సరి. నీళ్లు కదులుతూ ఉండడానికి గంటకు 1500 లీటర్లు తిప్పే వేవ్‌మేకర్ ఒకటి పెట్టు. నురగతో మురికిని తీసే స్కిమ్మర్ అవసరం లేదు.

ఏదైనా ప్రాణి వేసే ముందు, వ్యర్థాల్లోని విషాన్ని విరిచే బాక్టీరియా ట్యాంకులో పెరగాలి. అందుకు అమ్మోనియా 2 పీపీఎంకు (లీటరుకు 2 మిల్లీగ్రాములకు) చేర్చి, బాక్టీరియా సీసా పోసి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యేదాకా ఆగు. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. ఆ తర్వాత నాచు, వారానికి నత్తలు, ఆపైన చేపలు. ఈ మధ్యలో గోధుమరంగు పొర పడుతుంది, దానంతటదే పోతుంది.

నాచుల్లో మొదట కీటోమార్ఫా, గ్రాసిలేరియా పెట్టు. రెండూ మొండివి. హాలిమెడా అందంగా ఉంటుంది గానీ దాని ఒంట్లో సున్నం ఉంటుంది, కాల్షియం 400 పీపీఎం కంటే తగ్గితే సరిగా పెరగదు. కాలెర్పా విషయంలో మాత్రం జాగ్రత్తమ్మా. ఎంత పొడవు పాకినా ఒక మొక్కంతా ఒకే కణం. కత్తెరతో ముక్కలు చేస్తే లోపలి రసం నీళ్లలోకి కారుతుంది. అందుకే తీగ మొదలు పట్టుకుని పొడుగ్గా లాగెయ్యాలి. ఎక్కువ పెరగనిచ్చినా, వెలుతురు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారినా, బీజకణాలు వదిలేసి చచ్చిపోతుంది. ముందు రోజు ఆకులు గాజులా పాలిపోతాయి, మర్నాటికి నీళ్లు పచ్చగా, పాలలా చిక్కబడతాయి. ఆక్సిజన్ పడిపోయి రాత్రికి రాత్రే చేపలు పోతాయి. పాలిపోవడం కనబడగానే ఆ తీగలన్నీ తీసేసి, ఎయిర్ పంపు పెట్టి, మూడోవంతు నీళ్లు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ వెయ్యి. మొదటి ఏడాది కాలెర్పా జోలికి పోకపోవడమే మేలు.

నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య ఉండనీ. ఎర్ర గ్రాసిలేరియా పసుపు తిరిగిందంటే నత్రజని చాలడం లేదు. నత్రజని కరువైతే అది తన ఎర్ర రంగు పదార్థాన్నే కరిగించుకుని వాడుకుంటుంది. అప్పుడు 0.8 గ్రాముల పొటాషియం నైట్రేట్ కరిగించి పోస్తే, నీ ట్యాంకులో నైట్రేట్ 5 పీపీఎం పెరుగుతుంది. ఫాస్ఫేట్ పీల్చే గుళికలు ఎవరు అంటగట్టినా కొనకు. నాచు ఆకలితో కుంగితే ఆ చోటు వెంట్రుకల పాచి ఆక్రమిస్తుంది.

రెండు వారాలకోసారి మూడోవంతు నాచు తీసెయ్యి. కరివేపాకులాగే, తుంచేకొద్దీ చిగురు వేస్తుంది. కీటోమార్ఫా ఉండ బిగుసుకుంటే మధ్యకు వెలుతురు చేరక కుళ్లుతుంది, విడదీసి తిప్పి పెట్టు. తీసిన నాచును కాలువలోకి, చెరువులోకి, ముఖ్యంగా సముద్రంలోకి వదలకు. ఎండబెట్టి చెత్తలో పారెయ్యి. సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ నాచు మన్నార్ గల్ఫ్ పగడాల మీద పాకి వాటిని కప్పేసింది.

చేపల్లో క్లౌన్ జంట, ఒక ఫైర్‌ఫిష్ చాలు. క్లౌన్‌ఫిష్‌ను మన దేశంలోనే పొదిగిస్తున్నారు, అలాంటివే అడుగు. టాంగ్, ర్యాబిట్‌ఫిష్, సీ అర్చిన్ వద్దు, తోటంతా మేసేస్తాయి. ట్రోకస్ నత్తలు ఆరు తెచ్చుకో.

వేసవిలో నీళ్లు 28 డిగ్రీలు దాటుతుంటే పైన చిన్న ఫ్యాను పెట్టు, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. కాబట్టి గాజు మీద గీత పెట్టుకుని, రోజూ ఆ గీతదాకా ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పొయ్యి. కరెంటు పోతే ఆడే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ముందే కొనిపెట్టుకో. రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది.

నీళ్లు కలిపాక టీడీఎస్, ఉప్పు రీడింగులు రెండూ రాసి పంపు. చూసి చెబుతాను.

మీ బాబాయి