కంప్రెస్డ్ ఎయిర్ పాఠం లీకులతో మొదలుపెట్టండి

థర్మోడైనమిక్స్ చదివేసిన పిల్లలకి ఫ్యాక్టరీల్లో వాడే కంప్రెస్డ్ ఎయిర్ గురించి చెప్పాలి, కంప్రెసర్ రకాలతో మొదలుపెడితే సగం క్లాసు నిద్రపోతోంది, ఏం చేయాలి అని కదా మీరడిగింది. నిద్రపోక ఏం చేస్తారండీ! స్క్రూ, రెసిప్రొకేటింగ్, సెంట్రిఫ్యూగల్ బొమ్మలు ఏ పుస్తకం తిరగేసినా అవే. కొన్నేళ్లు ప్లాంట్ యుటిలిటీస్‌లో చేసి ఆ తర్వాత పాఠాలు చెప్పడానికి వచ్చినవాణ్ణి, నేనైతే కంప్రెసర్‌ని చివరికి నెట్టేసి ముందు లీకులు చూపిస్తాను.

వర్క్‌షాప్‌లో గాలి వాడే మెషిన్లన్నీ ఆపించండి, లైన్ వాల్వులు మాత్రం తెరిచే ఉంచండి. ఎవరూ గాలి వాడట్లేదు కాబట్టి కంప్రెసర్ లోడ్ అవకూడదు (అంటే గాలిని నొక్కే పని మొదలెట్టకూడదు), కానీ అవుతుంది. లోడ్‌లో ఎంతసేపు ఉంది, అన్‌లోడ్‌లో (గాలి నొక్కకుండా ఊరికే తిరుగుతూ) ఎంతసేపు ఉంది అని ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి పిల్లలతోనే రాయించండి. లోడ్ టైముని మొత్తం టైముతో భాగిస్తే కంప్రెసర్ కెపాసిటీలో లీకుల పాలయ్యే వాటా వచ్చేస్తుంది, 1 నిమిషం లోడ్, 3 నిమిషాలు అన్‌లోడ్ అయితే 25 శాతం. పట్టించుకోని ప్లాంట్లలో 20-30 శాతం మామూలే. (వీఎఫ్‌డీ, అంటే మోటారు స్పీడు మార్చే డ్రైవ్, ఉన్న కంప్రెసర్‌కి ఈ లెక్క కుదరదు, దాని స్పీడు మారుతూ ఉంటుంది.)

తర్వాత సబ్బునీళ్ల బ్రష్షు ఇచ్చి లైను వెంట పంపండి. క్విక్ కప్లర్ల (హోస్ తగిలించి తీసే జాయింట్ల) దగ్గర, హోస్ క్లిప్పుల కింద, ఎఫ్‌ఆర్‌ఎల్ (మెషిన్ ముందుండే ఫిల్టర్, రెగ్యులేటర్, లూబ్రికేటర్ సెట్టు) బౌల్ అడుగున బుడగలు పొంగుతుంటే చూడాలి వాళ్ల హుషారు! 7 బార్ దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి నిమిషానికి సుమారు 0.6 ఘనపు మీటర్ల గాలి పోతుంది, దానికోసం కంప్రెసర్ 4 కిలోవాట్ల దాకా లాగుతుంది. ఏడాదికి 8,760 గంటలు వేసి గుణించమంటే సుమారు 35,000 యూనిట్ల కరెంటు. ఆ అంకె వాళ్ల చేత్తోనే రావాలి, మీరు బోర్డు మీద రాసిపెట్టకండి.

ఎవరో ఒకరు "సార్, గాలి లైన్లో నీళ్లెందుకొస్తున్నాయి?" అని అడుగుతారు, వదలకండి. 30 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న 8 ఘనపు మీటర్ల గాలిలో 145 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 7 బార్ గేజ్‌కి, అంటే బయటి గాలి ప్రెజర్‌తో కలిపి 8 బార్‌కి, నొక్కి మళ్లీ 30 డిగ్రీలకి చల్లారిస్తే ఒక్క ఘనపు మీటరే మిగులుతుంది, అందులో పట్టేది 30 గ్రాములు. మిగతా 115 గ్రాములూ నీళ్లే. నొక్కిన గాలిని చల్లార్చే ఆఫ్టర్‌కూలర్, నీళ్లు బయటికి వదిలే డ్రెయిన్, తేమ తీసేసే డ్రయర్ ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ప్రెజర్ సంగతి కూడా కొలిపించండి. మెషిన్ దగ్గర ప్రెజర్ తగ్గిందని కంప్రెసర్ సెట్టింగ్ పెంచేయడం అందరికీ ఉన్న రోగమే, 1 బార్ పెంచితే కరెంటు 6-7 శాతం పెరుగుతుంది, పైగా లీకులూ పెరుగుతాయి. రిసీవర్ (గాలి నిల్వ ఉండే ట్యాంకు) దగ్గర ఒక గేజ్, మెషిన్ దగ్గర ఒక గేజ్ పెట్టి చూస్తే చాలాసార్లు దొరికేది పూడుకుపోయిన ఫిల్టరో, సన్నటి హోసో.

ఒక్కటి మాత్రం మొదటి రోజే గట్టిగా చెప్పండి, ఎయిర్ గన్‌తో ఒంటి మీద, బట్టల మీద దుమ్ము ఊదుకోవడం కుదరదని, సరదాకైనా సరే.

ఇవయ్యాక కంప్రెసర్ రకాలకి ఒక క్లాసు చాలు.