కేరీ జీవితం రాయబోయే ముందు

చిరంజీవి అమ్ములుకి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమెరికా తొలి రోజుల్లో అక్కడికి వలసవెళ్లిన ఒక ఐరిష్‌వాడి జీవితం తెలుగులో రాయాలనుకుంటున్నావనీ, అందుకు ఫిలడెల్ఫియాలో పత్రికలూ పుస్తకాలూ అచ్చువేసిన మాథ్యూ కేరీని ఎంచుకున్నావనీ చదివి చాలా సంతోషం కలిగింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ఐరిష్ వలస అనగానే కళ్లముందుకొచ్చే బొమ్మల్ని ముందు పక్కన పెట్టు. ఐర్లండ్ బంగాళదుంపల కరువు, న్యూయార్క్ రేవులో వలసదారుల్ని పరీక్షించిన ఎల్లిస్ ఐలండ్, అక్కడ మూటలు పట్టుకుని వరసలో నిలబడ్డ జనం, ఇవేవీ కేరీ కథలో లేవు. కరువు మొదలైంది 1845లో, ఎల్లిస్ ఐలండ్ తెరిచింది 1892లో. కేరీ ఫిలడెల్ఫియాలో దిగింది 1784 నవంబరు 15న. అప్పటికి వాషింగ్టన్ ఇంకా అధ్యక్షుడు కాలేదు, ఇప్పుడున్న రాజ్యాంగం పుట్టనే లేదు. దేశమూ కొత్తదే, వచ్చినవాడూ కొత్తవాడే. నీ పాఠకుడికి మొదటి పేజీలోనే ఇది తెలియాలి.

కథని ఓడ దగ్గర మొదలుపెట్టకు. డబ్లిన్‌లో మొదలుపెట్టు. కేరీ 1760లో పుట్టాడు. బేకరీ నడిపే కాథలిక్ కుటుంబం. పసితనంలో ఆయా చేతిలోంచి జారిపడి కాలు కుంటుపడింది. ఆ కాలంలో ఐర్లండ్‌లో కాథలిక్కులకు ఓటు లేదు. వాళ్లమీదున్న ఆంక్షలన్నీ తీసేయాలని కరపత్రం రాసి గొడవలో పడితే ఇంట్లోవాళ్లు పారిస్ పంపించేశారు. అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ అచ్చుయంత్రం మీద పనిచేశాడు. తిరిగొచ్చి సొంత పత్రిక పెట్టి ప్రభుత్వాన్ని తిట్టాడు, జైలుకెళ్లాడు. బయటికొచ్చాక, కేసు మెడమీద ఉండగానే, ఆడవేషం వేసుకుని ఓడెక్కాడు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఆ ఆడవేషం దగ్గర అందరూ ఆగి ముచ్చట పడతారు. నువ్వు ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లు. అమ్మానాన్నల్నీ ఊరినీ వదిలి, కుంటికాలితో, దాదాపు పది వారాలు సముద్రం మీద గడపడానికి ఒక కుర్రవాణ్ణి సిద్ధం చేసిందేమిటో, అది నిదానంగా రాయి.

అమెరికాలో దిగాక డబ్బు లెక్క రాయి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. కొత్త దేశం ఎలా ఉందని కేరీ ఏం రాసినా, అది అతని చేతిలో ఎంత డబ్బుందో, ఎవరిచ్చారో చూశాకే మనకు అర్థమవుతుంది. దిగేనాటికి అతని దగ్గరున్నది కొద్ది గినీలు, అంటే ఇంగ్లండు బంగారు నాణేలు. అతని డబ్లిన్ గొడవ గురించి విన్న ఫ్రెంచి సేనాని లఫాయెత్ పిలిపించి మాట్లాడాడు. మర్నాడు, అడగకుండానే, 400 డాలర్లు పంపాడు. ఆ డబ్బుతోనే కేరీ పత్రిక పెట్టాడు. అచ్చుయంత్రం కోసం వేలానికి వెళితే, ఊళ్లో అప్పటికే పాతుకుపోయిన ఒక సంపాదకుడు పోటీపడి పాట పెంచాడు. పాత యంత్రానికి కొత్తదాని ధర పెట్టాల్సివచ్చింది. అదే సంపాదకుడితో 1786లో తుపాకుల పోరు దాకా వెళ్లి, తొడకు గుండు తగిలి, కేరీ ఏడాదికి పైగా బాధపడ్డాడు. అడగకుండా ఇచ్చిన చెయ్యీ, అడ్డుపడిన చెయ్యీ ఆ మొదటి రెండేళ్లలోనే ఉన్నాయి. 1824లో లఫాయెత్ మళ్లీ అమెరికా వచ్చినప్పుడు కేరీ ఆ 400 డాలర్లూ తిరిగిచ్చాడు. నలభై ఏళ్లు మనసులో పెట్టుకున్నాడమ్మా. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంకో జాగ్రత్త. కేరీ తన జీవితకథని ఉత్తరాల రూపంలో 1833, 1834లలో అచ్చువేయించాడు. అప్పటికి డెబ్బై దాటాయి. మన ఉత్తరాంధ్ర ఊళ్లకు రంగూన్ నుంచి ఉత్తరాలొచ్చేవి, గుర్తుందా, మీ తాతయ్య చెప్పేవారు. అక్కడ పడుతున్న పాట్లు వాటిలో ఉండేవి కావు, మనియార్డరు సంగతే ఉండేది. గెలిచి నిలిచినవాడు వెనక్కి తిరిగి చెప్పే కథకీ ఆ గుణం కొంత ఉంటుంది. అందుకని అతను చెప్పిన ప్రతి సంఘటనకీ అదే ఏడాది అచ్చయిన కాగితం ఏదైనా దొరుకుతుందేమో వెతుకు.

ఇక అసలు చోటికి వస్తున్నాను. 1793.

ఆ ఏడాది ఆగస్టు నుంచి నవంబరు దాకా ఫిలడెల్ఫియాని ఎల్లో ఫీవర్ ఊడ్చేసింది. సుమారు 50 వేల మంది ఉన్న ఊళ్లో 5 వేల మంది దాకా పోయారు. దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. స్థోమత ఉన్నవాళ్లు ఊరు వదిలిపోయారు. నల్లజాతివాళ్లకు ఈ జబ్బు అంటదని డాక్టర్ బెంజమిన్ రష్ నమ్మి, రోగులకు సేవ చేయమని వాళ్లని కోరాడు. అది తప్పుడు నమ్మకం. అయినా ఊళ్లోని నల్లజాతి నాయకులు అబ్సలోమ్ జోన్స్, రిచర్డ్ ఆలెన్ ముందుకొచ్చి తమవాళ్లని కూడగట్టి రోగుల్ని చూశారు, శవాల్ని మోశారు.

కేరీ రోగుల్ని ఆదుకోవడానికి ఊళ్లో పెట్టిన సహాయసంఘంలో సభ్యుడు. జ్వరం తగ్గుముఖం పట్టగానే దానిమీద పుస్తకం వేశాడు. చకచకా అమ్ముడుపోయి మళ్లీ మళ్లీ అచ్చయింది. అందులో జోన్స్‌నీ ఆలెన్‌నీ మెచ్చుకుంటూనే, కొందరు నల్లజాతి నర్సులు ఒక డాలరు చాలిన రాత్రికి రెండు నుంచి ఐదు డాలర్ల దాకా గుంజారని రాశాడు. నేను మొదట చదివింది ఈ పుస్తకమే. నమ్మాను, క్లాసులో అలాగే చెప్పాను. తర్వాత చాలా ఏళ్లకు గానీ జోన్స్, ఆలెన్ 1794లో ఇచ్చిన జవాబు నా చేతికి రాలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

వాళ్లు కోపంతో అరవలేదు, లెక్క చూపించారు. శవాల్ని పాతిపెట్టే పనికి తమకు వచ్చింది సుమారు 233 పౌండ్లు, శవపేటికలకీ కూలీలకీ ఖర్చయింది 411. జబ్బు తమకు అంటదన్నది నిజం కాదనీ చూపించారు: ఊళ్లో పాతిపెట్టిన నల్లజాతివాళ్లు 1792లో 67 మంది, 1793లో 305 మంది. నర్సుల రేటు పెరిగింది రోగుల ఇళ్లవాళ్లు ఒకరిమీద ఒకరు పోటీపడి ఎక్కువిస్తామనడం వల్లేనన్నారు. కేరీ మధ్యలో ఊరు వదిలివెళ్లాడని గుర్తుచేసి, పుస్తకం అమ్మి అతను సంపాదించినది ఆ నర్సుల సంపాదనకంటే ఎక్కువేనన్నారు.

తన దేశంలో తనవాళ్లకు జరిగిన అన్యాయం మీద జైలుకెళ్లిన మనిషి, కొత్త ఊళ్లో పక్కవీధి మనుషుల్ని అలా చూశాడు. అమ్ములూ, నీ పుస్తకానికి ప్రాణం ఇక్కడుంది. దీన్ని మెత్తబరచకు. కేరీని దుర్మార్గుణ్ణీ చెయ్యకు. 1790లో పేద ఐరిష్ వలసదారుల్ని ఆదుకునే సంఘం పెట్టినవాళ్లలో అతనూ ఉన్నాడు. 1798లో విదేశీయుల మీద కఠిన చట్టాలొచ్చి, పౌరసత్వానికి పద్నాలుగేళ్లు ఆగాలన్నప్పుడు ఐరిష్‌వాళ్లని ఎంత హీనంగా మాట్లాడారో అతనికి అనుభవమే. ముసలితనంలో, కుట్టుపని చేసి బతికే పేద ఆడవాళ్లకు ఎంత తక్కువ కూలి ముడుతోందో పైసాపైసా లెక్కగట్టి కరపత్రాలు వేశాడు. నర్సుల కూలి దగ్గర పొరబడిన మనిషి, ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా గడిచాక, కూలి లెక్కలు పట్టుకుని పోరాడాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టు. రెండోది మొదటిదాన్ని కడిగేసిందని మాత్రం రాయకు, అలా అనడానికి మనకు హక్కు లేదు.

1793 అధ్యాయం ముందు రాయి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. జోన్స్, ఆలెన్ జవాబు పూర్తిగా చదివాకే కలం పట్టుకో. చిత్తుప్రతి దసరా లోపు పంపిస్తే, నువ్వు సెలవులకు వచ్చేసరికి చదివి ఉంచుతాను. కళ్లు సరిగ్గా ఆనడం లేదు, అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తీయించు.

నీ బాబాయ్