ఇటలీ-ఈజిప్టు సంబంధాలపై పరిశోధన చేస్తానంటోంది... ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ (చరిత్ర, రాజనీతిశాస్త్రం) చివరి సంవత్సరంలో ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీ, ఈజిప్టు దేశాల మధ్య నడిచిన దౌత్యంపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. గ్రూప్స్‌కి ప్రిపేర్ కమ్మంటే వినడం లేదు. దీంతో ఉద్యోగం వస్తుందా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి మంచి అంశమే పట్టుకుంది. అదేమిటో ముందు మీరు తెలుసుకుంటే ఇంట్లో మాట్లాడుకోవడం తేలికవుతుంది.

1940లో ఇటలీ తన వలస లిబియా నుంచి ఈజిప్టు మీదికి సైన్యాన్ని నడిపింది. అప్పటికే కైరో, అలెగ్జాండ్రియాల్లో ఇటాలియన్లు పదుల వేల మంది స్థిరపడి ఉన్నారు. వాళ్లలో చాలామంది మగవాళ్లను సూయజ్ కాలువ దగ్గరి ఫాయిద్ శిబిరంలో నిర్బంధించారు. అంత జరిగాక కూడా, 1946 మేలో గద్దె దిగిన ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ వెళ్లి తలదాచుకున్నది అలెగ్జాండ్రియాలోనే. మరుసటి ఏడాది డిసెంబరులో అక్కడే చనిపోయాడు. 1952 జులైలో సైన్యం దించేసిన ఈజిప్టు రాజు ఫరూక్ ఓడెక్కి నేపుల్స్ చేరాడు, 1965లో రోమ్‌లో కన్నుమూశాడు.

1947 శాంతి ఒప్పందంతో ఇటలీ ఆఫ్రికాలోని వలసలను వదులుకుంది. అదే తర్వాత దానికి కలిసొచ్చింది. ఈజిప్టు సూయజ్ కాలువను జాతీయం చేసిందని దాడికి దిగిన 1956 సూయజ్ యుద్ధంతో బ్రిటన్, ఫ్రాన్స్‌లకు కైరోలో ముఖం చెల్లకుండా పోతే, పాశ్చాత్య సైనిక కూటమి నాటోలో ఉంటూనే ఇటలీ ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌తో మాట్లాడగలిగింది. ఎన్రికో మాటెయ్ నడిపిన ప్రభుత్వ చమురు సంస్థ ఎనీ ఈజిప్టులోని సినాయ్ చమురులో భాగస్వామి అయింది. 1959 జనవరిలో ప్రధాని ఫాన్‌ఫానీ స్వయంగా కైరో వెళ్లాడు. కానీ సరిగ్గా ఆ ఏళ్లలోనే, ముఖ్యంగా 1961లో నాసర్ ప్రభుత్వం ప్రైవేటు వ్యాపారాలను జాతీయం చేశాక, ఈజిప్టులోని ఇటాలియన్ కుటుంబాలు ఇళ్లూ దుకాణాలూ వదిలి వెళ్లిపోయాయి. ప్రభుత్వాలు దగ్గరవుతుంటే మనుషులెందుకు ఖాళీ అయ్యారు? మొత్తం చరిత్ర నెత్తిన వేసుకోకుండా ఈ ఒక్క ప్రశ్న పట్టుకోమనండి. పైగా ఇటలీలో విదేశాంగ రహస్య పత్రాలు సాధారణంగా 50 ఏళ్లకు బయటికి వస్తాయి కాబట్టి ఆ కాలం కాగితాలు చూడటానికి వీలుంటుంది. రోమ్‌లో విదేశాంగ శాఖ చారిత్రక ఆర్కైవ్ ఉంది, ఎనీకి కూడా సొంత ఆర్కైవ్ ఉంది.

ఎంఏ డిసర్టేషన్‌కైతే విదేశం వెళ్లక్కర్లేదు. 1956 ఆగస్టులో సూయజ్‌పై లండన్‌లో 22 దేశాలు సమావేశమైతే, కాలువను అంతర్జాతీయ సంస్థ నడపాలన్న అమెరికా ప్రతిపాదన వైపు ఇటలీ నిలిచింది, మన దేశం తరఫున వెళ్లిన కృష్ణమేనన్ వేరే ప్రణాళిక పెట్టాడు. ఆ పోలిక ఢిల్లీలో కూర్చునే రాయొచ్చు.

అసలు అడ్డంకి భాషలు. ఇంగ్లిష్ ఒక్కదానితో ఈ పరిశోధన సాగదు. ఇటాలియన్ ఇప్పుడే మొదలుపెట్టాలి, అరబిక్ ఎంఏతో పాటు నడవాలి. అరబిక్‌కి హైదరాబాద్‌లోనే ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉస్మానియా ఉన్నాయి. ఎంఏకి ఢిల్లీలోని జేఎన్‌యూ ప్రయత్నించవచ్చు, దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇటలీ వెళ్లాలనుకుంటే అరబ్ ప్రపంచ అధ్యయనానికి నేపుల్స్‌లోని ఒరియెంటాలే విశ్వవిద్యాలయం పేరున్నది. అక్కడి ప్రభుత్వ వర్సిటీల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, ప్రాంతీయ స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. ఆదాయ పత్రాలు ముందే సిద్ధం చేసుకోండి.

ఉద్యోగం మాటకొస్తే, పీహెచ్‌డీ కాగానే కొలువు సిద్ధంగా ఉంటుందని నేను చెప్పను. యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది, పరిశోధన కాలంలో మీ మీద భారం పడదు. నన్నడిగితే, రెండుసార్లు నెట్ రాసినా జేఆర్‌ఎఫ్ రాకపోతే దారి మార్చుకోవాలన్న షరతు ఇప్పుడే ఇద్దరూ కలిసి పెట్టుకోండి. అధ్యాపక పోస్టులు, థింక్ ట్యాంకులు, అనువాదం, ఇంధన కంపెనీలకు దేశాల రాజకీయ పరిస్థితులు విశ్లేషించే పనులు ఉన్నాయి. 2015లో ఈజిప్టు సముద్రంలో జొహ్ర్ గ్యాస్ క్షేత్రాన్ని కనుగొన్నది కూడా ఎనీయే. రెండు భాషలు చేతిలో ఉన్నవాళ్లు తక్కువమంది. సివిల్స్ తలుపూ మూసుకుపోదు, విదేశాంగ సర్వీసు కోరుకునేవాళ్లకు ఈ చదువు వృథా కాదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. 2016 జనవరిలో కైరోలో స్వతంత్ర కార్మిక సంఘాలపై పరిశోధిస్తున్న ఇటలీ యువకుడు, కేంబ్రిడ్జ్ విద్యార్థి జూలియో రెజెని అదృశ్యమయ్యాడు. చిత్రహింసల గుర్తులతో ఆయన మృతదేహం దొరికింది. ఇటలీ కైరోలోని తన రాయబారిని వెనక్కి పిలిచింది, 2017 సెప్టెంబరులో గానీ మళ్లీ పంపలేదు. అందుకే అమ్మాయి పనిని రోమ్, లండన్, ఢిల్లీ పత్రాల చుట్టూ అల్లుకోమనండి. కైరో వెళ్లాల్సి వస్తే అక్కడి విశ్వవిద్యాలయ అనుబంధం, రాతపూర్వక అనుమతులు చేతికొచ్చాకే టికెట్ కొనండి.