బండిని విప్పకముందు ఒక మాట

చి. కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు మూడుసార్లు చూశాను. మొదటిసారి ఆశగా, రెండోసారి మీ అత్తతో కలిసి, మూడోసారి కళ్ళజోడు పెట్టుకుని తుప్పు కోసం. 1969 షెవర్లే సీ-10 పికప్, ఇరవై ఏళ్ళుగా షెడ్డులో పడి ఉంది, అమ్మే ఆయన "కొంచెం పని చేస్తే నడుస్తుంది" అన్నాడని రాశావు. పాత బండి అమ్మే ప్రతివాడూ అనే మాటే అది. అంత కొంచెం పనే అయితే ఆయనే చేసుకుని రెట్టింపు ధరకు అమ్ముకునేవాడు కదరా.

అయినా నీ ఎంపిక మంచిదే. 1967 నుంచి 1972 దాకా వచ్చిన ఈ షెవీ ట్రక్కులకు ఫ్లోరు రేకు దగ్గర్నుంచి డోరు రబ్బరు దాకా ఇప్పటికీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. క్యాటలాగు చూసి తెప్పించుకోవడమే. అదే నువ్వు ఏ హడ్సన్ కారో చూసి మనసు పారేసుకుని ఉంటే వద్దనేవాణ్ణి. ఆ పేరుతో కార్లు రావడం 1957తోనే ఆగిపోయింది. మొదటి బండికి అంత వెతుకులాట వద్దు.

శనివారం బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు ఇంజిన్ చూడకు. డ్రైవరు వైపు డోరు తెరిచి, డోరు మూసుకునే చోట ఉన్న చిన్న రేకు చూడు. అందులో నంబరు ఇంగ్లీషు సీ (C) అక్షరంతో మొదలవుతుంది. రెండో అక్షరం ఈ (E) అయితే ఫ్యాక్టరీ నుంచే ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజిన్‌తో వచ్చిన బండి, ఎస్ (S) అయితే ఆరు సిలిండర్లది. ఆయన "ఒరిజినల్ వీ-8" అంటున్నాడు కాబట్టి ఇది ముఖ్యం. మధ్యలో ఇంజిన్ మార్చడం తప్పేమీ కాదు, కానీ ఒరిజినల్ అని చెప్పి ఒరిజినల్ ధర అడగడం తప్పు. ఆ నంబరు, బండి ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం మీది నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే మాట్లాడకుండా కారెక్కి ఇంటికి వచ్చెయ్. గ్లవ్ బాక్స్ మూత లోపల కాగితం అంటించి ఉంటే అదృష్టం. ఆ బండికి ఫ్యాక్టరీలో ఏమేం పెట్టారో దాని మీద ఉంటుంది.

తర్వాత తుప్పు. ఇంజిన్ చెడితే బాగుచేసుకోవచ్చు, దొరక్కపోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. తుప్పు అలా కాదు, జీతాలు మింగుతుంది. ఈ ట్రక్కులకు క్యాబ్ వెనక కింది మూలలు, డోర్ల కింద ఉండే రాకర్ ప్యానెళ్ళు, కాళ్ళు పెట్టుకునే ఫ్లోరు, ముందు వైపు క్యాబ్ ఫ్రేమ్ మీద కూర్చునే మౌంట్లు, వీటిని తుప్పు తినేస్తుంది. పైకి పెయింటు మీద చిన్న పొక్కు కనిపిస్తే లోపల అరచేయంత పోయిందని లెక్క. ఫ్రిజ్ మీద పెట్టుకునే మెత్తటి అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళు. అది అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. మౌంట్ల దగ్గర పడుకుని టార్చి వేసి చూడు, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడువు. ఆయన ఏమైనా అనుకుంటే అనుకోనీ. టెక్సాస్ బండి కాబట్టి మా మిషిగన్ బండ్లంత ఘోరంగా ఉండదు. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పదేళ్ళకే రేకులు అప్పడాల్లా విరుగుతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం "మామయ్యా, కొన్న వారమే మొత్తం విప్పేసి ఫ్రేమ్ దాకా వెళ్దామనుకుంటున్నా" అన్న నీ మాట. ఆ పని చెయ్యకు.

నా మొదటి బండి 1965 ఫోర్డ్ మస్టాంగ్ కారు. మీ అత్త అప్పుడే ఉద్యోగంలో చేరింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. రెండు శని ఆదివారాల్లో మొత్తం విప్పేశాను. ఎంత హుషారో! సీట్లు, డ్యాష్‌బోర్డు, ముందు ఫెండర్లు, ఇంజిన్ అన్నీ బయటికి వచ్చేశాయి. నట్లు, బోల్టులు ఖాళీ కాఫీ డబ్బాల్లో పోశాను. పేర్లు రాయలేదు, గుర్తుంటుందిలే అనుకున్నాను. మూడో వారం చూస్తే ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్ళే కౌల్ తుప్పుపట్టి చిల్లులు పడి ఉంది. వాన నీళ్ళన్నీ అందులోంచి దిగి ఫ్లోరును తినేశాయి. ఆ కాలం మస్టాంగ్‌లకు అది పుట్టుకతో వచ్చిన జబ్బని, కొనకముందు చెంబుడు నీళ్ళు పోసి చూస్తే కారుతుందో లేదో తెలిసిపోతుందని తర్వాత తెలిసింది. అది బాగుచేయాలంటే వెల్డింగ్ నేర్చుకోవాలి. నేర్చుకునేలోపు పాప పుట్టింది. తర్వాత ఇల్లు మారాం. ఆ కాఫీ డబ్బాలు కూడా మాతో పాటు మారాయి. ఆరో ఏడు ఒకాయన వచ్చి కొన్న ధరలో మూడో వంతుకు అట్టపెట్టెల్లో వేసుకుని పట్టుకెళ్ళాడు. ఒక్కరోజు కూడా దాన్ని నడపలేదు. మీ అత్త ఇప్పటికీ కాఫీ డబ్బా ఖాళీ అయినప్పుడల్లా "ఉంచనా, పారెయ్యనా?" అని అడుగుతుంది.

నడవని బండి దగ్గరికి చలిలో వెళ్ళి పానా పట్టుకోవాలనిపించదు. నడిచే బండి అయితే పని దానంతట అదే గుర్తొస్తుంది. అందుకే రెండోసారి 1968 సీ-10 కొన్నప్పుడు ముందు లేచేట్టు చేశాను, ఆగేట్టు చేశాను, తర్వాతే ఒక్కో చలికాలం ఒక్కో పని పెట్టుకున్నాను. ఒక ఏడాది వైరింగు, ఒక ఏడాది ముందు సస్పెన్షను, ఇంకో ఏడాది క్యాబ్ మూలలు. ఎనిమిదేళ్ళు పట్టింది. కానీ ప్రతి వేసవిలోనూ దాన్ని తిప్పాను. ఏటా ఆగస్టులో మూడో శనివారం డెట్రాయిట్ పక్కన ఉడ్‌వర్డ్ ఎవెన్యూ మీద పాత కార్లన్నీ బారులు తీరుతాయి కదా, 1995 నుంచి జరుగుతోంది, అక్కడికి సగం పెయింటు, సగం ప్రైమరుతో వెళ్ళాను. ఎవరూ నవ్వలేదు సరికదా, నలుగురు సలహాలు ఇచ్చారు.

లేపడం గురించి. కొత్త బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫ్ కొట్టకు. ఇరవై ఏళ్ళు నిలబడ్డ ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండరుకు పట్టేసి ఉండవచ్చు. ప్లగ్గులన్నీ విప్పి ఒక్కో సిలిండర్లో రెండు మూడు చెంచాల నూనె పొయ్యి, ట్రాన్స్‌మిషన్ ఆయిలైనా ఫర్వాలేదు. నాలుగు రోజులు వదిలెయ్. తర్వాత టాప్ గేర్‌లో వేసి, పక్కన ఒకరిని పెట్టుకుని, బండిని మెల్లగా ముందుకూ వెనక్కీ ఊపు. ఇంజిన్ తిరిగిందా, సగం గెలిచినట్టే. ఇంజిన్ ఆయిల్ మార్చు. పాత పెట్రోలు వాసన చూడు, వార్నిష్ వాసన వస్తుంది. దాన్ని కార్బొరేటర్ దాకా రానివ్వకు. చిన్న డబ్బాలో తాజా పెట్రోలు పెట్టి, దాని నుంచే పైపు వేసి మొదటిసారి లేపు. ఇప్పటి పెట్రోల్లో ఎథనాల్ కలుస్తుంది, ఆ కాలపు రబ్బరు పైపులకు అది పడదు, అన్నీ మార్చెయ్. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకు. ఈ బండికి పెట్రోలు ట్యాంకు క్యాబ్ లోపల, సీటు వెనకే ఉంటుందని నీకు తెలుసో లేదో. నేనైతే దాన్ని తీసి వెనక సరుకు వేసే బెడ్ కిందికి మార్పించాను. ఒరిజినల్‌గానే ఉండాలనేవాళ్ళు నన్ను తిడతారు, తిట్టనీ.

లేవకపోతే కంగారుపడకు. మన గుడివాడలో మా నాన్న గుమస్తాగా చేసిన రైస్ మిల్లుకు ఒక ఫార్గో లారీ ఉండేది. బొంబాయిలో ప్రీమియర్ వాళ్ళు క్రైస్లర్‌తో ఒప్పందం మీద కట్టిన బండి. పొద్దున్నే అది మొరాయిస్తే డ్రైవరు రెండే అడిగేవాడు: "నిప్పు వస్తోందా? పెట్రోలు వస్తోందా?" నీ బండికీ అవే రెండు ప్రశ్నలు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్లు చూడు. తెల్లగా బూజు పట్టినట్టుంటే సన్నటి ఆకురాయితో రుద్దు, సందు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజితో సందు సరిచెయ్. సందు ఎంతో, ప్లగ్గు వైర్లు ఏ వరసో షాప్ మాన్యువల్ అనే రిపేరు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం మళ్ళీ అచ్చువేసి అమ్ముతున్నారు, పానాల సెట్టు కంటే ముందు అది కొను.

ఆ డ్రైవరు దగ్గరే ఇంకోటి చూశాను. ఏదైనా విప్పితే పాత గోనెపట్టా పరిచి, విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చేవాడు. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు. ఆ చిన్న సంగతి గుర్తుండి ఉంటే నా మస్టాంగ్ బతికేది. నీకు ఫోను ఉంది, జిప్ కవర్లు ఉన్నాయి, మార్కర్ ఉంది. విప్పకముందు ఫొటో, విప్పాక కవరు, కవరు మీద పేరు.

బ్రేకులు మాత్రం "తర్వాత చూద్దాం" అనుకునేవి కావు. 1969కి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, ముందు డిస్కులు 1971లో వచ్చాయి. డ్రమ్ములు మంచివే, కానీ లోపల వీల్ సిలిండర్లు తుప్పు పట్టి ఉంటాయి, రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటాయి. పెడల్ బాగానే ఉందని మోసపోకు. సిలిండర్లు, గొట్టాలు, ఇనుప పైపులు అన్నీ కొత్తవి వెయ్యి. పాత బ్రేకు పొడిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఎయిర్ కొట్టి ఊదకు, తడిపి తుడువు. పాత పెయింటులో సీసం ఉంటుంది, గీకేటప్పుడు మాస్కు పెట్టుకో, ఆ బట్టలతో పాపను ఎత్తుకోకు. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎప్పుడూ వెళ్ళకు. స్టాండులు పెట్టాకే, అదీ ఒకసారి గట్టిగా కుదిపి చూశాకే వెళ్ళు. దీనికి మినహాయింపు లేదు, "ఒక్క నిమిషమే కదా" అన్నదీ మినహాయింపు కాదు.

పెయింటు అన్నిటికంటే చివర. ఇప్పుడు దొరికే రెండు డబ్బాలు కలిపి కొట్టే పెయింట్లలో ఐసోసైనేట్లనే రసాయనాలు ఉంటాయి, మామూలు మాస్కు ఆపదు, ఊపిరితిత్తులు పాడవుతాయి. గ్యారేజీలో నువ్వే కొడతానని సరదా పడకు, ఆ పని షాపుకు ఇచ్చెయ్.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెప్తాను. అనుకున్నదానికి రెట్టింపు అవుతుంది, అమ్మితే అంత తిరిగి రాదు. మీ ఆవిడతో ఇప్పుడే చెప్పు, రసీదులు దాచకు. నేను దాచి దొరికిపోయాను. మీ ఫ్రిస్కో కాలనీలో నడవని బండి డ్రైవ్‌వేలో పెడితే హెచ్ఓఏ వాళ్ళు, అదే ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళు, ఊరుకుంటారా? ఆ నిబంధనలు బండి కొనకముందే చదువు. విడిభాగాల కోసం ఫోర్ట్‌వర్త్ దగ్గర టెక్సాస్ మోటార్ స్పీడ్‌వేలో వసంతంలో జరిగే పేట్ స్వాప్ మీట్ అనే పాత విడిభాగాల సంతకు వెళ్ళు, పొద్దున్నే వెళ్ళు, నగదు పట్టుకెళ్ళు. అక్కడ కూర్చున్న ముసలాళ్ళతో మాట్లాడు. వాళ్ళకు తెలిసినవి మాన్యువల్లో ఉండవు.

శనివారం ఆయనతో బేరం మొదలుపెట్టకముందే నాకు మూడు చోట్ల ఫొటోలు పంపు. డోరు దగ్గర నంబరు రేకు, కింద నుంచి క్యాబ్ మౌంట్లు, రెండు వైపులా క్యాబ్ మూలలు. బండి ముందువైపు అందంగా ఉన్న ఫొటో వద్దు, అది ఇప్పటికే నాలుగు పంపావు. ఇక్కడ టైము మీకంటే గంట ముందు, తొమ్మిదింటి నుంచీ ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చుంటాను.

మీ మామయ్య