కోడలు పిల్ల ఫీజు గురించి చెల్లెకు

హన్మకొండ

చెల్లెకు అన్నయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో పిల్ల ఇంజనీరింగ్ చదువు గురించి నువ్వన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "ఎప్‌సెట్‌లో ఇరవై ఎనిమిది వేల ర్యాంకు, బావ జీతం నెలకు ముప్పై వేలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఇంక మనకు ఏదీ రాదన్నా" అన్నావు. ఆ వెంటనే గొంతు తగ్గించి, తెలిసినాయన ఒకరు లక్షా ఎనభై వేల ఆదాయం అని సర్టిఫికెట్ తెచ్చిపెడతానన్నాడని చెప్పావు. ఫోన్‌లో చెబితే సగం చెవిన పడుతుంది, సగం పోతుంది. అందుకే రాస్తున్నా. బావకు కూడా చదివి వినిపించు.

ముందు ఆ సర్టిఫికెట్ సంగతి. వద్దు. బావ ఏడాదికి 3 లక్షల 60 వేలు సంపాదిస్తున్నాడు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతోంది, పీఎఫ్ కట్ అవుతోంది. కాలేజీ ఫైల్లో ఒక ఆదాయం, రేపు బ్యాంకు లోన్ ఫైల్లో ఇంకో ఆదాయం ఉంటే, రెండింటి కిందా సంతకం మన పిల్లదే ఉంటుంది. పద్దెనిమిదేళ్ల పిల్లతో మొదటి సంతకమే అబద్ధం మీద పెట్టిద్దామా? పైగా ఆ ఫీజు సాయం కూలి చేసుకునేవాళ్ల పిల్లల కోసం పెట్టింది.

ఇప్పుడు ఆ సర్టిఫికెట్‌తో అసలు ఎంత వస్తుందో చూద్దాం. మన రాష్ట్రంలో సర్కారు ఫీజు ఇవ్వాలంటే బీసీ, ఈబీసీ పిల్లల ఇంటి ఆదాయం ఊళ్లలో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఎప్‌సెట్‌లో పది వేల లోపు ర్యాంకు వస్తే ఫీజు మొత్తం ఇస్తారు, ఆపైన ర్యాంకుకు ఏడాదికి గరిష్ఠంగా 35 వేలే. అది కూడా కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకే. అంటే ఆ దొంగ కాగితంతో నాలుగేళ్లకు వచ్చేది లక్షా నలభై వేలు. అదీ బడ్జెట్ విడుదలైనప్పుడు. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు ఏకంగా బంద్ చేసిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. సర్కారు డబ్బు ఆలస్యమైతే చాలాచోట్ల కాలేజీ వాళ్లు ముందు మీరే కట్టండని తల్లిదండ్రుల మీద పడతారు.

ఈ లక్షా నలభై వేల అంకె గుర్తుపెట్టుకో. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మీరు అనుకుంటున్న కాలేజీ ట్యూషన్ ఫీజు 95 వేలు. పరీక్ష ఫీజు, పుస్తకాలు కలిపి లక్ష వేసుకో. నాలుగేళ్లకు 4 లక్షలు. ఇంటి నుంచే వెళ్తుంది కాబట్టి బస్సు ఫీజు బావ జీతంలోంచి పోతుంది. ఈ 4 లక్షలకు విద్యారుణం తీసుకోవచ్చు. 4 లక్షల దాకా బ్యాంకు ఏ తాకట్టూ అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. పొలం కాగితాలు తెమ్మన్నా, ఎల్ఐసీ బాండు పెట్టమన్నా మర్యాదగా కాదని చెప్పు. రుణం ఇవ్వం అంటే కారణం కాగితం మీద రాసిమ్మని అడుగు. ముప్పై మూడేళ్లు బ్యాంకు కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఆ మాటకు ఉన్న బలం నాకు తెలుసు.

వడ్డీ ఎలా పెరుగుతుందో చూడు. లెక్క తేలికగా ఉండాలని పది శాతం అనుకుందాం. బ్యాంకు 4 లక్షలూ ఒకేసారి ఇవ్వదు, ఏటా లక్ష చొప్పున కాలేజీ ఖాతాకే పంపుతుంది. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. ఆ కాలమంతా బారువడ్డీ నడుస్తుంది. మొదటి లక్షకు ఐదేళ్లు, రెండో లక్షకు నాలుగేళ్లు, మూడోదానికి మూడు, నాలుగోదానికి రెండు. మొత్తం వడ్డీ లక్షా నలభై వేలు. పిల్ల మొదటి వాయిదా కట్టే రోజుకు అప్పు 5 లక్షల 40 వేలు అయి కూర్చుంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 రూపాయలు.

ఆ వడ్డీ సర్కారే కడితే? అలాంటి పథకం 2009 నుంచీ ఉంది చెల్లె. కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ అంటారు. తల్లిదండ్రుల ఆదాయం అంతా కలిపి ఏడాదికి 4 లక్షల 50 వేలు దాటకపోతే, ఇంజనీరింగ్ లాంటి వృత్తి విద్యా కోర్సుకు తీసుకున్న రుణం మీద, చదువు కాలానికీ ఆపై ఏడాదికీ అయ్యే వడ్డీ మొత్తం కేంద్రం బ్యాంకుకు కడుతుంది. అప్పుడు అప్పు 4 లక్షల దగ్గరే ఆగిపోతుంది. నెల వాయిదా 5,290. బావ ఆదాయం 3 లక్షల 60 వేలు, అంటే హద్దుకు లోపలే. అబద్ధం కాగితంతో రావచ్చన్న లక్షా నలభై వేలు, నిజం కాగితంతోనే మిగులుతున్నాయి!

దీనికి రెండు షరతులు ముఖ్యం. కాలేజీల నాణ్యత చూసే సంస్థలు న్యాక్, ఎన్‌బీఏ అని రెండున్నాయి. కాలేజీకి న్యాక్ గుర్తింపు ఉండాలి, లేదా పిల్ల చేరే బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి. ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. కాలేజీ గోడ మీద పెద్దక్షరాలతో రాసింది చూసి నమ్మకుండా, మన పిల్ల బ్రాంచికి ఉందా, ఏ ఏడాది దాకా ఉందో ఎన్‌బీఏ వాళ్ల జాబితాలోనే చూడాలి. రెండోది, రుణం బ్యాంకుల సంఘం నమూనా పథకం కింద, రిజర్వు బ్యాంకు జాబితాలో ఉన్న షెడ్యూల్డు బ్యాంకు ఇచ్చిందై ఉండాలి. కౌన్సెలింగ్ సెంటర్ బయట కరపత్రాలు పంచే ఫైనాన్స్ కంపెనీలు రెండు రోజుల్లో ఇస్తామంటాయి. వాటి రుణానికి ఈ రాయితీ రాదు. ఇంకొకటి, పిల్ల చదువు మధ్యలో మానేస్తే రాయితీ పోతుంది, జబ్బు చేసి మానాల్సి వస్తే తప్ప. ఒక మనిషికి ఒక్కసారే ఇస్తారు. డిగ్రీకి వాడుకుంటే పీజీకి ఉండదు.

ఇదంతా ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. పదిహేనేళ్ల కింద కరీంనగర్ వైపు ఒక చిన్న బ్రాంచిలో మేనేజర్‌గా ఉన్నా. బీడీలు చుట్టే తల్లి తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. రుణం ఇచ్చాను, మంచి పనే చేశాననుకున్నా. కానీ తహసీల్దార్ ఇచ్చే ఆదాయం సర్టిఫికెట్ ఫైల్లో పెట్టించుకోలేదు. ఏడాది చివర రాయితీ జాబితా పంపితే అందులో ఆ పిల్లాడి పేరు లేదు. తర్వాత నేను బదిలీ అయ్యాను. నాలుగేళ్లకు ఆ అబ్బాయి నన్ను వెతుక్కుంటూ పాస్‌బుక్ పట్టుకొని వచ్చాడు. "సార్, పక్క ఊరి వాడికి వడ్డీ లేదు, నాకెందుకు పడింది?" అని అడిగాడు. తప్పు నాది. పాత ఏళ్ల రాయితీ ఇప్పించడానికి చాలా ఉత్తరాలు రాశాను, గడువు దాటిందన్నారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి విద్యారుణం ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో 'ఆదాయం కాగితం' అని నా చేత్తోనే రాసేవాణ్ణి. అది వచ్చిందాకా ఫైలు నా టేబుల్ దిగేది కాదు. మీ బ్రాంచిలో అలా రాసేవాళ్లు ఉంటారో లేదో. కాబట్టి నువ్వే సర్టిఫికెట్ ఇచ్చి, ముట్టినట్టు జిరాక్స్ మీద సంతకం, ముద్ర వేయించుకో. ఏటా ఒకసారి వెళ్లి ఈ ఏడాది రాయితీకి పేరు పంపారా అని అడుగు.

ఇక స్కాలర్‌షిప్‌లు. ఆడపిల్లల కోసం సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి 8 లక్షలు. ఏడాదికి 50 వేలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. మార్కుల మీద ఎంపిక కాబట్టి వస్తుందని ముందే లెక్కలో వేసుకోవద్దు, దరఖాస్తు మాత్రం మానొద్దు. అలాగే ఇంటర్ బోర్డులో పై ఇరవై శాతంలో ఉన్నవాళ్లకు, ఆదాయం 4 లక్షల 50 వేల లోపు అయితే, కేంద్రం డిగ్రీ చదువుకు ఏడాదికి 12 వేలు ఇస్తుంది. రెండింటికీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు. డబ్బు పడేది పిల్ల ఖాతాలో, దానికి ఆధార్ అనుసంధానమై ఉండాలి. ఇంటర్ మెమోలో, ఆధార్‌లో, పాస్‌బుక్‌లో పేరు ఒకే తీరుగా ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండి ఆగిపోయిన దరఖాస్తులు నేను చాలా చూశాను.

రెండు ప్రభుత్వ సాయాలు ఒకేసారి తీసుకోవడానికి చాలా పథకాలు ఒప్పుకోవు. అందుకని ఇలా చేద్దాం. రుణం 4 లక్షలకు మంజూరు చేయించుకుందాం. మంజూరైనంత మాత్రాన అంతా తీసుకోనక్కర్లేదు, వాడుకున్న దానికే వడ్డీ. ప్రగతి వస్తే ఏటా తీసుకునే అప్పు సగం చాలు, 4 లక్షలు 2 లక్షలకు దిగుతుంది. అప్పుడు వడ్డీ రాయితీ ఉంటుందా పోతుందా బ్యాంకులో రాతపూర్వకంగా అడుగుదాం. పోయినా మనకే లాభం.

ఒకవేళ ఏ రాయితీ రాలేదనుకో, అప్పుడూ ఒక దారి ఉంది. చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టుకుంటూ పోతే అప్పు పెరగదు. మొదటి ఏడాది నెలకు 830, రెండో ఏడాది 1,670, మూడో ఏడాది 2,500, ఆ తర్వాత 3,330. అలా కట్టేవాళ్లకు వడ్డీలో ఒక శాతం దాకా తగ్గింపు కూడా ఉంటుంది. ఆడపిల్లలకు చాలా ప్రభుత్వ బ్యాంకులు ఇంకో అర శాతం తగ్గిస్తాయి, అడిగి తీసుకోవాలి.

బావను ఒకటి అడుగు, కోప్పడొద్దు. బండి లోన్ వాయిదాలు రెండు తప్పాయని పోయినసారి అన్నాడు. సహ రుణగ్రహీత సిబిల్, అంటే పాత అప్పులు ఎలా కట్టాడన్న రికార్డు, చూడకుండా బ్యాంకు అడుగు వేయదు. ఆ రెండూ ఈ నెలలోనే కట్టేయమను. డబ్బుకు ఇబ్బందైతే నేను సర్దుతాను.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో మాత్రం ముందు యూనివర్సిటీ సొంత కాలేజీలు పెట్టించు. అక్కడ రెగ్యులర్ సీటు ఫీజు ప్రైవేటు కంటే బాగా తక్కువ. అదే ఆవరణలో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులుంటాయి, వాటి ఫీజు వేరు, కోడ్ చూసి పెట్టాలి. మేనేజ్‌మెంట్ సీటు జోలికి పోవద్దు. డొనేషన్‌కు రసీదు ఇవ్వరు, రసీదు లేని డబ్బుకు బ్యాంకు ఇవ్వదు. చేరేటప్పుడు ఒరిజినల్ మెమోలు చూపించి తిరిగి తెచ్చుకోవాలి. వాటిని దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ కాలేజీలకు చెప్పాయి.

చిన్నోడు ఇప్పుడు తొమ్మిదో తరగతే కదా. వాడికి ఎన్ఐటీలోనో ఐఐటీలోనో సీటు వస్తే, ఆదాయం లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉన్న ఇంటి పిల్లలకు ట్యూషన్ ఫీజులో మూడింట రెండు వంతులు మాఫీ. ఇప్పటి నుంచే వాడి చెవిన వేస్తూ ఉండు.

శనివారం పొద్దున బస్సుకు జనగామ వస్తున్నా. నువ్వు శుక్రవారమే మీసేవకు వెళ్లి ఆదాయం సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టు, 3 లక్షల 60 వేలనే రాయించు. బావ మూడు నెలల జీతం స్లిప్పులు, పాన్, పిల్ల ఇంటర్ మెమో, ర్యాంకు కార్డు, కాలేజీ ఫీజుల పట్టిక ఒక కవర్లో పెట్టు. కోడలు పిల్లను ఆ రోజు ఎక్కడికీ పంపకు. ఈ ఉత్తరంలోని వడ్డీ లెక్క తనే ఒకసారి కాగితం మీద వేసి నాకు చూపించాలి. రేపు ఆ వాయిదాలు కట్టేది తనే.

మీ అన్నయ్య