పాత టీవీ స్పీకర్లు, పాడైన ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నాయి. వీటితో వెంట తీసుకెళ్లే స్పీకర్ చేసుకోవచ్చా? ఎన్ని వాట్ల ఆంప్లిఫైయర్ కొనాలి?

నిక్షేపంగా చేసుకోవచ్చు. నేను రోజూ వాడేది అలా చేసుకున్నదే. పాత రేడియో తాలూకు ఖాళీ చెక్క పెట్టె, ట్యూబు టీవీలోంచి వచ్చిన రెండు స్పీకర్లు, ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఇంకా ప్రాణమున్న సెల్స్ అందులో ఉన్నాయి. ఆంప్లిఫైయర్, ఛార్జింగ్, బ్లూటూత్ బోర్డులు మాత్రం కొన్నాను. హైదరాబాదులో అయితే ఇలాంటివి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

మీరు వాట్ల గురించి అడిగారు గాని, పెట్టె గురించి అడగలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. స్పీకర్‌ను బల్ల మీద విడిగా పెట్టి పాట వినండి. మృదంగం కుడివైపు మోత వినిపిస్తుంది, ఎడమవైపు గుమ్మనే నాదం దాదాపు మాయమవుతుంది. స్పీకర్ ముందుండే గరాటు లాంటి కోన్ ముందుకు కదిలి గాలిని నెట్టినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. ఆ రెండూ అంచు చుట్టూ కలిసి, మంద్ర స్వరాలను చెరిపేస్తాయి. ముందు గాలినీ వెనక గాలినీ విడదీయడమే పెట్టె పని. కాబట్టి మూలల్లో, వైర్లు బయటికొచ్చే రంధ్రాల్లో ఎం-సీల్ పెట్టి సందులన్నీ మూసేయండి. రెండు స్పీకర్లూ ఒకే పెట్టెలో ఉంటే చిన్న పరీక్ష ఉంది. ఒకదాని కోన్‌ను వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కితే రెండోది బయటికి ఉబకాలి. ఉబకకపోతే ఎక్కడో గాలి పోతున్నట్టే. పాత దిండులోని పాలియెస్టర్ దూదిని వదులుగా లోపల నింపితే పెట్టె మోత కూడా తగ్గుతుంది.

ఇక వాట్లు. పవర్ రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి కాస్త తేడా తెలుస్తుందంతే. బజారులో అట్టపెట్టెల మీద అచ్చేసే వెయ్యి వాట్ల లెక్కల్ని మర్చిపోండి. పీఏఎం8403 అనే చిన్న ఆంప్లిఫైయర్ బోర్డు 5 వోల్టుల మీద 4 ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం) స్పీకర్‌కు ఒక్కో ఛానెల్‌కు 3 వాట్ల దాకా ఇస్తుంది. మీ టీవీ స్పీకర్లు 8 ఓమ్స్‌వి అయితే అందులో దాదాపు సగం వస్తుంది. గదికీ డాబాకీ అది చాలు. చాలామంది చెప్పే టీడీఏ2030 అనే ఆంప్లిఫైయర్ చిప్ మంచిదే గాని, కరెంటును వేడిగా తగలేస్తుంది, 12 వోల్టులైనా కావాలి. బ్యాటరీతో నడిపే పెట్టెకు నేను అది పెట్టను. పీఏఎం8403 అయితే 2.5 వోల్టుల నుంచే పనిచేస్తుంది కనుక ల్యాప్‌టాప్ బ్యాటరీలోని ఒక లిథియం సెల్‌తో నేరుగా నడుస్తుంది. మోత కొంచెం తగ్గినా, వోల్టేజీ పెంచే బోర్డు ఖర్చూ దాని గోలా ఉండవు. ఒక్క జాగ్రత్త: ఈ బోర్డులో రెండు స్పీకర్ల మైనస్ వైర్లను ఒకదానితో ఒకటి గాని, గ్రౌండ్‌కు (బ్యాటరీ మైనస్‌కు) గాని ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, చిప్ పోతుంది.

బ్యాటరీ దగ్గర పిసినారితనం పనికిరాదు. విప్పిన సెల్స్‌లో 2 వోల్టుల కన్నా తక్కువ చూపించేవి పక్కన పెట్టేయండి. మిగిలినవాటిని 4.2 దాకా ఛార్జ్ చేసి వారం తర్వాత మళ్లీ కొలవండి. 4 కన్నా కిందికి జారినవీ, ఛార్జింగ్‌లో వేడెక్కినవీ వద్దు. రెండు సెల్స్‌ను పక్కపక్కన ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపేటప్పుడు ముందు రెండింటి వోల్టేజీ సమానంగా ఉండాలి. సెల్ మీద సోల్డరింగ్ ఐరన్ నేరుగా పెట్టవద్దు. విప్పేటప్పుడే నికెల్ పట్టీని కొంచెం మిగిల్చి కత్తిరిస్తే వైరును దానికి అతికించవచ్చు. టీపీ4056 ఛార్జింగ్ బోర్డు కొనేటప్పుడు ‘ఔట్’ అని రాసిన పాయింట్లు ఉన్నదే అడగండి. సెల్ మరీ దిగిపోకుండా కాపాడే భాగం అందులోనే ఉంటుంది. ఆంప్లిఫైయర్‌ను ఆ పాయింట్లకే తగిలించాలి.

టీవీని ఇంకా విప్పకపోతే మాత్రం ఆగండి. ట్యూబులో వేల వోల్టులు ఆపేశాక కూడా నిలిచి ఉండవచ్చు. స్పీకర్లు తీసే పని మెకానిక్‌కు అప్పజెప్పండి.

అంతా కలిపాక పాట లేనప్పుడు కూడా సన్నగా కీచుమంటే చాలామంది స్పీకర్‌ను అనుమానిస్తారు. బ్లూటూత్ బోర్డుకు కాసేపు వేరే పవర్ బ్యాంకు నుంచి కరెంటు ఇచ్చి చూడండి. శబ్దం పోతే అది రెండు బోర్డులూ ఒకే గ్రౌండ్ పంచుకోవడం వల్ల వచ్చే గోల. బీ0505ఎస్ అనే ఐసొలేటెడ్ కన్వర్టర్ (రెండు వైపుల గ్రౌండ్‌లనూ విడదీసి కరెంటు ఇచ్చే చిన్న భాగం) బ్లూటూత్ బోర్డుకు ముందు పెట్టడమే దానికి మందు. అయితే దానికి 5 వోల్టులు ఇవ్వాలి కాబట్టి అప్పుడు వోల్టేజీ పెంచే బోర్డు తప్పదు. ఆ తలనొప్పి వద్దనుకుంటే బ్లూటూత్ మానేసి ఫోన్ నుంచి నేరుగా ఆక్స్ (ఆడియో) వైరుతో వినండి, నేను సగం రోజులు అలాగే వింటాను.