కిడ్నీ జబ్బుకి నెలనెలా కొనే మందులు ఇన్సూరెన్స్‌లో వస్తాయా?

మీరు అడిగింది ఇదీ: కవిటి దగ్గర ఊళ్ళో ఉంటున్న నాన్నగారికి కిడ్నీ జబ్బు 4వ స్టేజి, బీపీ కూడా ఉంది. 5 లక్షల పాలసీ తీసుకుని మూడేళ్లు దాటింది. సోంపేటలో మూడు నెలలుగా కొన్న మందుల బిల్లులు పంపితే ‘ఓపీ ఖర్చు, ఇవ్వలేం’ అని తిప్పికొట్టారు. మళ్ళీ అడగొచ్చా, రేపు డయాలసిస్ మొదలైతే ఎలా అని.

ఆ మూడు నెలల బిల్లుల కోసం ఇంక తిరక్కండి, అవి రావు. మామూలు హెల్త్ పాలసీ రాసుకున్న తీరే అలాంటిది. మనిషి 24 గంటలు ఆస్పత్రిలో చేరి ఉండాలి, లేదంటే డయాలసిస్ లాంటి డే కేర్ చికిత్స, అంటే 24 గంటల లోపే అయిపోయేది, జరగాలి. ఆ చేరికకి ముడిపడిన మందులకే డబ్బిస్తారు. అదే మాత్ర, అదే షాపు, అదే డాక్టరు అయినా చేరిక లేకపోతే ఓపీ కిందికే వస్తుంది. అందుకని మందు ఖరీదెంత అన్నదాని కంటే, ఆ మందు ఏ చేరికకి ముడిపడి ఉందో కాగితం మీద కనబడుతోందా అన్నదే మీరు చూసుకోవాల్సింది.

మీ పాలసీ పుస్తకంలో ముందుగా రెండు అంకెలు వెతకండి. ఆస్పత్రిలో చేరకముందు ఎన్ని రోజుల ఖర్చు ఇస్తారు, డిశ్చార్జి అయ్యాక ఎన్ని రోజుల ఖర్చు ఇస్తారు. ఆరోగ్య సంజీవని పాలసీలో ఇవి 30, 60. కొన్ని పాలసీల్లో 60, 90 ఉంటాయి, ఖరీదైన వాటిలో 60, 180 కూడా ఉంటాయి. నాన్నగారు ఎప్పుడైనా ఊపిరితిత్తుల్లో నీరు చేరో, పొటాషియం పెరిగో, ఫిస్ట్యులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపే) ఆపరేషన్‌కో చేరారనుకోండి. ఆ తారీఖుకి ముందు 30 రోజుల్లో ఆ జబ్బుకే చేయించిన క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు, కొన్న మందులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల మందులు, కిడ్నీ డాక్టరు ఫీజు, అన్నీ అడగవచ్చు. చాలామంది ఆస్పత్రి బిల్లు క్యాష్‌లెస్‌లో పోయింది కదా అని అక్కడితో వదిలేస్తున్నారు. ఈ ముందూ వెనకా ఖర్చులు మామూలుగా క్యాష్‌లెస్‌లో రావు. వాటికి విడిగా రీయింబర్స్‌మెంట్ ఫారం, అంటే మీరు కట్టిన డబ్బు తిరిగి అడిగే ఫారం, పెట్టాలి. ఎన్ని రోజుల్లోగా పెట్టాలో పాలసీలోనే రాసి ఉంటుంది, ఆ గడువు చూసుకోండి.

డయాలసిస్ మొదలైతే లెక్క మారుతుంది. డయాలసిస్ డే కేర్ చికిత్స, 24 గంటల నిబంధన దానికి వర్తించదు. వారానికి రెండు సార్లు చేయించుకునే మనిషికి ఒక సిట్టింగు తర్వాతి 60 రోజులు పూర్తికాకముందే దాదాపు పదిహేడు సిట్టింగులు అయిపోతాయి. అంటే డిశ్చార్జి తర్వాతి ఖర్చుల గడువు తెగకుండా సాగుతూనే ఉంటుంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని పాలసీల్లో ‘ఇన్‌పేషెంట్ క్లెయిమ్ ఆమోదం పొందితేనే’ అని రాస్తారు, కొన్నిట్లో ‘ఇన్‌పేషెంట్ లేదా డే కేర్’ అని రాస్తారు. రెండో రకం అయితే మీ హక్కు గట్టిది. మొదటి రకం అయితే కంపెనీ వాదిస్తుంది. డయాలసిస్ మొదలుకాకముందే కంపెనీకి మెయిల్ పెట్టి, డయాలసిస్ తర్వాతి మందులు ఆ క్లాజు కింద ఇస్తారా లేదా అని రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకి విలువ లేదు.

రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్ సంగతి ప్రత్యేకంగా చెబుతాను, ఎక్కువ డబ్బు పోయేది దాని దగ్గరే. డయాలసిస్ మనిషికి ఈ ఇంజెక్షన్ ఎక్కువగా డయాలసిస్ సిట్టింగులోనే ఇస్తారు, ఐరన్ సుక్రోజ్ కూడా అంతే. ఇది డయాలసిస్ బిల్లులోనే ఒక లైనుగా, అంటే ‘ఎరిత్రోపొయిటిన్ 4000 యూనిట్లు, ఒకటి’ అని, అదే తారీఖుతో, బ్యాచ్ నంబరుతో ఉంటే చికిత్సలో భాగంగా లెక్కేస్తారు. అలాకాక ఆస్పత్రి వాళ్ళు బయట కొనుక్కురమ్మంటే, మీరు ముందురోజే మెడికల్ షాపులో కొని తెస్తే, ఆ బిల్లు ఒంటరిగా మిగిలిపోయి ఓపీ కింద పోతుంది. బయట కొనక తప్పకపోతే ఆ రోజు డయాలసిస్ షీట్‌లో ‘రోగి తెచ్చిన ఇంజెక్షన్ ఇచ్చాం’ అని డోసుతో, బ్యాచ్ నంబరుతో నర్సు చేత రాయించుకుని సంతకం పెట్టించుకోండి. బిల్లు మీది బ్యాచ్ నంబరూ షీట్ మీదిదీ ఒకటే అయితే ఇక వంక పెట్టడం కష్టం.

డబ్బు పోయే రెండో చోటు విటమిన్లు. పాలసీలన్నిట్లో ఒకేలా ఉండే మినహాయింపుల్లో 14వ నంబరు దీని గురించే. విటమిన్లు, మినరల్స్, టానిక్కులు ఇవ్వరు, కానీ ఆస్పత్రిలో చేరిన క్లెయిమ్‌లో లేదా డే కేర్ చికిత్సలో భాగంగా డాక్టరు రాస్తే ఇవ్వాలి. కిడ్నీ మనిషికి కాల్సిట్రియాల్, క్యాల్షియం అసిటేట్, సోడియం బైకార్బొనేట్, కీటో మాత్రలు బలానికి వాడేవి కావు, చికిత్సే. క్లెయిమ్ చూసే మనిషికి ఆ తేడా తెలియకపోతే ‘సప్లిమెంట్’ అని గీత కొట్టేస్తాడు. డిశ్చార్జి సమ్మరీలో ఆ మందు పక్కన ‘ఫాస్ఫరస్ తగ్గడానికి’, ‘రక్తంలో ఆమ్లం తగ్గడానికి’ అని ఒక్క ముక్క రాయించండి.

మందుల చీటీల దగ్గర జరిగే పొరపాట్లు చిన్నవే, కానీ క్లెయిమ్‌లో చాలా కోత అక్కడే పడుతుంది. రెండో విజిట్‌లో డాక్టరు ‘అవే మందులు కొనసాగించాలి’ అని రాసేస్తారు, ఏ మందులో ఉండదు. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, ఈ నాలుగూ ప్రతి చీటీలో ఉండాలి. చీటీలో 15 రోజులని ఉండి మీరు రెండు నెలలకి కొంటే 15 రోజులకే ఇస్తారు. బిల్లు తారీఖు చీటీ తారీఖు కంటే ముందుంటే పూర్తిగా పోతుంది. బిల్లు మీద రోగి పేరు పాలసీలో ఉన్నట్టే ఉండాలి. మన ఊళ్ళలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాస్తారు, షాపులో ‘నాన్న’ అనో ‘క్యాష్’ అనో కొట్టేస్తారు. డాక్టరు పేరు, బ్యాచ్ నంబరు, షాపు డ్రగ్ లైసెన్సు నంబరు కనబడాలి. థర్మల్ కాగితం బిల్లు కొన్నాళ్ళకి వెలిసిపోతుంది కాబట్టి కొన్న రోజే ఫోటో తీసి పెట్టుకోండి. జన్ ఔషధి షాపులో జెనరిక్ కొన్నా క్లెయిమ్‌కి అడ్డు లేదు, చీటీలో మందు మూల పేరు ఉంటే చాలు.

అన్నిటికంటే ప్రమాదం డిశ్చార్జి సమ్మరీ మొదటి పేరాలో ఉంటుంది. రాత్రి పూట చేర్చుకున్న డ్యూటీ డాక్టరు ‘ఎన్నాళ్ళుగా ఉంది?’ అని అడుగుతారు, కంగారులో ఉన్న ఇంట్లోవాళ్ళు ‘పదేళ్ళ నుంచీ అండి’ అంటారు. ఆ మాట అలాగే సమ్మరీలోకి ఎక్కుతుంది. పాలసీ వయసు మూడేళ్లు, జబ్బు వయసు పదేళ్లు అని చూసి కంపెనీ ‘జబ్బు దాచి పాలసీ తీసుకున్నారు’ అంటుంది. క్రియాటినిన్ మొదటిసారి పెరిగినట్టు చూపిన రిపోర్టు తారీఖు ఏదో అదే చెప్పండి, ఆ రిపోర్టు చూపించండి. తప్పుగా పడిపోతే డిశ్చార్జి కాకముందే దిద్దించండి. తర్వాత తెలిస్తే చికిత్స చేసిన డాక్టరు చేత పాత రిపోర్టుల ఆధారంతో వివరణ లెటర్ రాయించుకోవాలి. అయితే నిజంగానే పాలసీ కంటే ముందే జబ్బు ఉండి ఫారంలో రాయకపోతే, దాన్ని కాగితాలతో మార్చాలని చూడకండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్ళకి ఇక్కడే ఇంకో ఇబ్బంది. ముందునుంచి ఉన్న జబ్బుకీ, దాని నుంచి నేరుగా పుట్టిన జబ్బుకీ వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి అది 36 నెలలు మించకూడదు. షుగరో బీపీయో ఉన్న మనిషికి కిడ్నీ పాడైతే కంపెనీ దాన్ని వాటి ఫలితంగానే చూస్తుంది. కానీ కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో షుగరూ బీపీ లేకుండానే ఈ జబ్బు వస్తోంది, కారణం ఇప్పటికీ తేలలేదు. కిడ్నీ జబ్బు వచ్చాక దాని వల్లే బీపీ పెరగడమూ ఉంది. ఏది ముందు వచ్చిందో, కారణం ఏమై ఉండొచ్చో కిడ్నీ డాక్టరు చేత సమ్మరీలో రాయించడం అందుకే అవసరం. మీకు మూడేళ్లు నిండాయి కాబట్టి ఈ చిక్కు తప్పింది, కానీ మధ్యలో కవర్ పెంచి ఉంటే ఆ పెంచిన భాగానికి వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది. అలాగే పాలసీ ఇచ్చేటప్పుడు మీ సంతకంతో కిడ్నీ జబ్బుని శాశ్వతంగా మినహాయించారేమో ఒకసారి చూడండి. ఎన్నేళ్ళు గడిచినా ఆ మినహాయింపు పోదు. తెగకుండా 60 నెలలు కడితే, మోసమని నిరూపిస్తే తప్ప, ‘దాచారు’ అనే కారణంతో క్లెయిమ్ ఆపలేరు. రెన్యువల్ ఒక్క ఏడాది జారిపోనిచ్చినా ఇదంతా మొదటికి వస్తుంది.

మందులు రాబట్టడానికి ఒకరోజు ఆస్పత్రిలో చేరమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. వినకండి. పరీక్షల కోసమే చేరడం పాలసీలో 4వ మినహాయింపు. అవసరం లేని చేరిక అని తేలితే ఒక్క క్లెయిమ్ కాదు, పాలసీనే రద్దు చేయొచ్చు. ఆ తర్వాత 4వ స్టేజి మనిషికి కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం. ఓపీ కవర్ అదనంగా కొనొచ్చు గానీ, కట్టే అదనపు ప్రీమియం, ఏడాదికి ఇచ్చే ఓపీ పరిమితి పక్కపక్కన వేసి చూడండి. రెండూ దగ్గరగా ఉంటే కొనకపోవడమే మంచిది.

ఇక ఇన్సూరెన్స్ ఇవ్వని నెలవారీ మందులు వేరే దారుల్లో రాబట్టాలి. బీపీ, షుగర్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. షుగర్ కూడా ఉన్నవాళ్ళు అక్కడ కిడ్నీ రిపోర్టు చూపించాలి, జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం) 30 కంటే తగ్గితే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడకూడదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అంటే పాత ఆరోగ్యశ్రీ, డయాలసిస్ ఉచితంగా చేస్తారు. పథకం కింద చేరిన రోగికి డిశ్చార్జి నుంచి 10 రోజుల మందులు ఆస్పత్రే ఇవ్వాలి, కొన్ని చికిత్సలకి ఏడాది పాటు ఫాలోఅప్ మందులూ ఉంటాయి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ మాత్రల కోసం ఈ సంగతి తప్పకుండా అడగాలి. పథకం కింద ఉన్న రోగిని మందులు బయట కొనమంటే ఆస్పత్రిలో పథకం పనులు చూసే వైద్యమిత్రకి చెప్పండి, లేదా 104కి ఫోన్ చేయండి. ఒక్కటి గుర్తుంచుకోండి, డయాలసిస్ ఈ పథకంలో ఉచితంగా చేయించుకుంటూ మందులు మాత్రం ప్రైవేటు పాలసీలో అడిగితే, ప్రధాన క్లెయిమ్ లేదు కదా అంటారు. ఏది దేనికి వాడుకోవాలో మొదట్లోనే నిర్ణయించుకోండి. నెలకి 10,000 పెన్షన్ డయాలసిస్ వాళ్ళకి వస్తుంది. డయాలసిస్ లేనివాళ్ళకి క్రియాటినిన్ 5 దాటాలి, లేదా జీఎఫ్ఆర్ 15 కంటే తగ్గాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోయి ఉండాలి. 4వ స్టేజి అంటే 15 నుంచి 29 మధ్య కాబట్టి నాన్నగారికి జీఎఫ్ఆర్ లెక్కన ఇంకా రాదు. రిపోర్టులు మాత్రం తారీఖుల వారీగా దాచి ఉంచండి, గ్రామ సచివాలయంలో అవే అడుగుతారు.

ఇంట్లో ఎవరైనా పైడిభీమవరం కంపెనీల్లోనో, బొబ్బిలి ఫ్యాక్టరీల్లోనో నెలకి 21,000 లోపు జీతానికి పనిచేస్తూ ఈఎస్ఐ కడుతున్నారా? వాళ్ళ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకి ఈఎస్ఐ డిస్పెన్సరీలో నెలవారీ మందులు ఉచితం, చేరిక అక్కర్లేదు. నా దృష్టిలో దీర్ఘకాలిక జబ్బుకి ప్రైవేటు పాలసీ కంటే ఇదే మేలు, కానీ అడిగేవాళ్ళు తక్కువ. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్ళల్లో ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కింద కొన్ని దీర్ఘకాలిక జబ్బులకి ఓపీ వైద్యం ఉంది, అదీ కనుక్కోండి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకి 80డీడీబీ కింద కిడ్నీ వైఫల్యం చికిత్స ఖర్చు 40,000 దాకా, రోగికి 60 ఏళ్లు నిండితే లక్ష దాకా, పన్ను లెక్కేసే ఆదాయంలోంచి తగ్గుతుంది. దానికి కిడ్నీ డాక్టరు చీటీ కావాలి, ఇన్సూరెన్స్ ఇచ్చిన మొత్తం తీసేసి లెక్క చూపాలి.

ఇంత చేశాక కూడా ఇవ్వాల్సింది ఇవ్వకపోతే, ముందు తిరస్కరణ లెటర్‌లో ఏ క్లాజు అని ఉందో చూడండి. క్లాజు చెప్పకుండా తిరస్కరించకూడదు, కంపెనీలోని క్లెయిమ్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా కూడా తిరస్కరించకూడదు. ఈ రెండూ అడుగుతూ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి, కంప్యూటర్ దగ్గర లేకపోతే 155255కి ఫోన్ చేసి చెప్పొచ్చు. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. ఆంధ్రప్రదేశ్ అంతా ఆ ఆఫీసు కిందికే వస్తుంది. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. అక్కడికి పాలసీ కాపీ, తిరస్కరణ లెటర్, డిశ్చార్జి సమ్మరీ, చీటీలు, బిల్లులు, కంపెనీకి మీరు పెట్టిన మెయిల్, తారీఖుల వరసలో నంబర్లు వేసి పంపండి. ఏ బిల్లు ఏ చీటీకి, ఏ చీటీ ఏ డయాలసిస్‌కి చెందిందో ఒక పేజీ పట్టిక పైన పెట్టండి. వినేవాళ్ళకి ఆ పేజీ చేతిలో ఉంటే మీరు పెద్దగా చెప్పాల్సిన పని ఉండదు.